ఎగ్జాస్ట్‌ను డిఫ్యూజర్‌లోకి ఊదాలా, పక్క నుంచి వదలాలా? స్టూడెంట్ ఫార్ములా కారు కడుతున్న తమ్ముడికి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్ల టీం ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ పిల్లలు సొంతంగా చిన్న రేసు కారు కట్టి ఆడే పోటీ) కారు కడుతోంది, ఇంజిన్ 373 సీసీ సింగిల్ సిలిండర్. ఏరో, అంటే కారు చుట్టూ గాలి పారే తీరు చూసుకునే కుర్రాడు 2010, 2011 నాటి రెడ్ బుల్ ఫార్ములా 1 (ఎఫ్1) కార్ల గురించి చదివి, ఎగ్జాస్ట్‌ను డిఫ్యూజర్‌లోకి (కారు అడుగున వెనక పైకి లేచే భాగం) తిప్పితే డౌన్‌ఫోర్స్, అంటే కారును నేలకు అదిమే బలం ఉత్తపుణ్యానికి వస్తుందంటున్నాడు. ఇంజిన్ చూసుకునే అమ్మాయి ససేమిరా అంటోంది, పక్క నుంచి వెనక్కి తీసి వదిలేద్దాం అంటోంది. ఎవరి మాట వినాలి, సైలెన్సర్ మూతి ఎక్కడ ఉండాలి, పైపుకు వ్రాప్ (వేడిని ఆపే పట్టీ) చుట్టాలా వద్దా?

ఆ అమ్మాయి మాట వినండి. మీ ఇంజిన్‌కు, మీ కారు వేగానికి డిఫ్యూజర్‌లోకి ఊదడం వల్ల వచ్చేది లెక్కలోకి రాదు, పోయేది మాత్రం చాలా ఉంది. పైపును చైన్ లేని వైపు నుంచి తీసి, సైలెన్సర్‌ను డిఫ్యూజర్‌కు పైన, వెనుక వింగ్‌కు కింద, కారు వెడల్పులోనే ఒదిగేలా పెట్టండి. మూతి వెనక్కి, కొంచెం పైకి, కొంచెం బయటికి చూడాలి. ఏరో తమ్ముడికి నా తరఫున ఒక మాట చెప్పండి: మీ స్థాయి కారులో సైలెన్సర్ లోంచి వచ్చే గ్యాస్ ఏం చేస్తుందన్నది చిన్న విషయం, ఆ సైలెన్సర్ డబ్బా, ఆ పైపు బయటి గాలికి ఎంత అడ్డం పడుతున్నాయన్నదే పెద్ద విషయం. గంటలు గంటలు సీఎఫ్‌డీ (కంప్యూటర్‌లో గాలి పారే తీరు లెక్కకట్టడం) నడిపేది ఉంటే దాని మీద నడపమనండి.

నా సంగతి రెండు ముక్కల్లో. చెన్నైలో సైలెన్సర్లు తయారుచేసే కంపెనీలో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు కాజీపేటలో సొంత ఫ్యాబ్రికేషన్ షాపు. ఇటు వరంగల్, కరీంనగర్ కాలేజీల టీంలు పైపులు వంచడానికీ వెల్డింగ్‌కూ నా దగ్గరికి వస్తుంటాయి. కాబట్టి నేను చెప్పేది కొంత లెక్క, కొంత కాలిన చేతుల అనుభవం.

ముందు మీ ఏరో తమ్ముడికి న్యాయం చేద్దాం. ఆయన చదివింది అబద్ధం కాదు. కారు అడుగుకూ రోడ్డుకూ మధ్య దూరిన గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, దాంతో కారు నేలకు అదుముకుంటుంది. వెనక ఏటవాలుగా పైకి లేచే డిఫ్యూజర్ ఆ గాలిని మెల్లగా విచ్చుకోనిచ్చి బయటికి సాగనంపుతుంది. ఈ పనికి గండి కొట్టేది వెనుక టైరు. తిరిగే టైరు రోడ్డును తాకే చోట గాలి నలిగి పక్కకు చిమ్ముతుంది. అలా చిమ్మిన చెత్త గాలి డిఫ్యూజర్ అంచు నుంచి లోపలికి చొరబడి, అక్కడి తక్కువ ఒత్తిడిని చెడగొడుతుంది. వెనకటి రోజుల్లో ఈ చొరబాటును ఆపడానికి కారు పక్కలకు రోడ్డును తాకే స్కర్టులు ఉండేవి. ఫార్ములా 1 వాటిని నిషేధించింది, 1983 నుంచి అడుగు చదునుగా ఉండాలంది. సరిగ్గా ఆ ఏడాదే రెనో వాళ్లు ఆర్ఈ40 కారులో ఎగ్జాస్ట్‌ను డిఫ్యూజర్‌లోకి వదిలారు. అంటే ఈ ఆలోచన రెడ్ బుల్‌ది కాదు, అంతకు పాతికేళ్ల ముందుది.

రెడ్ బుల్‌లో కార్ల డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ బృందం దాన్ని 2010లో ఆర్‌బీ6 మీద మళ్లీ బయటికి తీసింది. టెస్టింగ్‌లో ఎవరి కంటా పడకూడదని, పాత పద్ధతిలో పైపులుండే చోట పైపుల బొమ్మలున్న స్టిక్కర్లు అంటించారు. అసలు పైపులు కింద ఉన్నాయి. మరుసటి ఏడు డబుల్ డిఫ్యూజర్ (రెండు అంతస్తుల డిఫ్యూజర్) నిషేధం అయ్యాక, ఊదే చోటును టైరుకూ డిఫ్యూజర్ అంచుకూ మధ్యనున్న సందుకు జరిపారు. అసలు మర్మం అక్కడుంది. వరంగల్ చౌరస్తాలో పెద్ద బట్టల షాపు గల్మ మీద ఎయిర్ కర్టెన్ చూసే ఉంటారు. తలుపు బార్లా తెరిచే ఉంటుంది, అయినా లోపలి చల్లగాలి బయటికి పోదు, బయటి వేడి లోపలికి రాదు. రెడ్ బుల్ ఎగ్జాస్ట్ ఆ అంచు దగ్గర చేసింది ఆ పనే. స్కర్టు ఉండొద్దన్న చోట గాలితోనే స్కర్టు కట్టారు. దాంతో కారు వెనక భాగాన్ని మరింత ఎత్తి నడపగలిగారు, అడుగు మొత్తం పెద్ద డిఫ్యూజర్‌లా పనిచేసింది.

ఇక్కడిదాకా వీడియోల్లో చెబుతారు. దీని వెనక ఎంత అవస్థ ఉందో చెప్పరు. డ్రైవర్ మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలేస్తే ఎగ్జాస్ట్ ఆగిపోతుంది, గాలి తెర పోతుంది, సరిగ్గా డౌన్‌ఫోర్స్ కావాల్సిన చోట అది మాయమవుతుంది. దీనికి వాళ్లు ఇంజిన్ ఈసీయూతో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌తో తంటాలు పడ్డారు. కాలు తీసినా త్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) తెరిచే ఉంచి, ఇంధనం ఆపి ఉత్త గాలిని పంపడం ఒక పద్ధతి. ఇంధనం కూడా ఇచ్చి, స్పార్క్‌ను ఆలస్యం చేసి, మంటను పైపులోకి తోయడం రెండోది. రెండోదాంట్లో ఇంజిన్, పైపులు ఎంత వేడిని తిన్నాయో ఊహించుకోండి. 2011 బ్రిటిష్ గ్రాండ్ ప్రీ దగ్గర దీన్ని కట్టడి చేస్తామన్నారు, గొడవయింది, తర్వాతి రేసుకే వెనక్కి తగ్గారు. చివరికి 2012కు పైపు చివర ఎక్కడుండాలో, ఎంత పైకి వంగి ఉండాలో రూల్‌లోనే రాశారు. 10 నుంచి 30 డిగ్రీల మధ్య పైకి చూడాలి.

ఐనా ఊరుకున్నారా? లేదు. గాలి వంపు తిరిగిన ఒంటిని అంటుకుని పారుతుందన్న కోయాండా గుణాన్ని పట్టుకుని, పైకి చూసే పైపు లోంచి వచ్చిన గ్యాస్‌ను సైడ్‌పాడ్ (డ్రైవర్‌కు ఇరుపక్కలా ఉండే ఉబ్బెత్తు భాగం) వాలు మీదుగా మళ్లీ అదే సందులోకి దించారు. 2013లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో రెడ్ బుల్ డ్రైవర్ వెటెల్ నాలుగో ఛాంపియన్‌షిప్ ఖాయం చేసుకున్న కారు ఆ రకందే. 2014లో టర్బో ఇంజిన్లు వచ్చాయి. గ్యాస్‌లోని శక్తిని టర్బైన్ లాగేసుకుంటుంది. పైపు కూడా ఒక్కటే, కారు మధ్యలో, వెనక ఉండాలన్నారు. దాంతో ఆ అధ్యాయం చాలావరకు ముగిసింది. మీరు టీవీలో చూసే ఇప్పటి కార్లలో పైపు నడిమధ్యన ఉండేది అందుకే. అది అక్కడుంటే మేలని ఇంజినీర్లు ఎంచుకున్న చోటు కాదు, రూల్ చూపించిన చోటు. దాన్ని చూసి కాపీ కొట్టాల్సింది ఏమీ లేదు.

మొత్తం మోటార్ స్పోర్ట్‌లో గ్యాస్ తోపుడు నేరుగా పనికొచ్చే చోటు ఒకటుంది, టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్లు. వాటి పొట్టి పైపులు ఆకాశంలోకి, వెనక్కి చూస్తుంటాయి. నైట్రోమీథేన్ తాగే ఆ వీ8ల గ్యాస్ తోపుడే కారును వందల కిలోల బలంతో నేలకు నొక్కుతుంది. అది వేలాది హార్స్‌పవర్ లోకం. మన లోకానికి వద్దాం.

ఇప్పుడు మీ ఇంజిన్ లెక్క. 373 సీసీ, 8,000 ఆర్‌పీఎం, ఫుల్ త్రాటిల్. నిమిషానికి 4,000 సార్లు గాలి మింగుతుంది. సిలిండర్ తొంభై శాతం నిండుతుందనుకుంటే సెకనుకు దాదాపు 25 గ్రాముల గాలి. ఇంధనం కలుపుకున్నా 27 గ్రాములు దాటదు. అది వేడెక్కి వ్యాకోచించి 38 మిల్లీమీటర్ల పైపు లోంచి సగటున సెకనుకు 60 మీటర్ల చుట్టుపక్కల వేగంతో బయటికొస్తుంది. తోపుడు ఎంత? ద్రవ్యప్రవాహాన్ని వేగంతో గుణించండి: ఒకటిన్నర న్యూటన్ల పైచిలుకు. బరువులో చెప్పాలంటే 160 గ్రాములు. మూతిని మొత్తం నిట్టనిలువుగా పైకి పెట్టినా మీకు దొరికే నేరు డౌన్‌ఫోర్స్ అంతే. అప్పటి ఎఫ్1 ఇంజిన్ 2.4 లీటర్లు, 18,000 ఆర్‌పీఎం. సెకనుకు 400 గ్రాములకు పైనే ఊదేది, అదీ మీకంటే ఎంతో ఎక్కువ వేగంతో.

పెద్ద ఇంజిన్ పెడితే సరిపోతుందా అంటే అదీ కాదు. పెట్రోల్ టీంలకు 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ (ఇంజిన్‌లోకి పోయే గాలికి పెట్టే ఇరుకు గొంతు) తప్పదు కదా. 600 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తెచ్చినా, సెకనుకు 74 గ్రాముల దగ్గర ఆ రెస్ట్రిక్టర్ గొంతు పట్టుకుంటుంది. అంతకు మించి గాలి లోపలికే పోనప్పుడు బయటికెక్కడి నుంచి వస్తుంది?

"తోపుడు కాదన్నా, గాలి తెర సంగతేంటి" అని ఏరో తమ్ముడు అడుగుతాడు, అడగాలి కూడా. నిజమే, ఫుల్ త్రాటిల్‌లో అంచు దగ్గర కొంత మార్పు కనబడుతుంది. సీఎఫ్‌డీలో ఇంకా బాగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ మీరు గ్యాస్‌ను ఎడతెగని ధారగా ఇస్తారు. సింగిల్ సిలిండర్‌లో అది ధార కాదు. రెండు చుట్లకు ఒకసారి ఒక్క ఉమ్ము, మిగతా సేపు దాదాపు ఖాళీ. సైలెన్సర్ దాన్ని కొంత సర్దుతుంది గానీ పూర్తిగా కాదు. పైగా ఆటోక్రాస్ (కోన్‌లు పెట్టి గీసిన ఇరుకు దారి) ట్రాక్‌లో మీ డ్రైవర్ ఫుల్ త్రాటిల్‌లో ఉండేది ఎంతసేపు? కోన్‌ల మధ్య మలుపు వెంట మలుపు. బ్రేకు, తిప్పుడు, సగం త్రాటిల్, మళ్లీ బ్రేకు. ఎండ్యూరెన్స్‌లో, అంటే పోటీలోని దూరపు పరుగులో సగటు వేగం గంటకు 50 కిలోమీటర్ల అటూఇటూ. మలుపులోకి దిగేటప్పుడు లేని డౌన్‌ఫోర్స్, బయటికొస్తూ కాలు నొక్కగానే వెనక భాగానికి వచ్చిపడితే కారు తీరు డ్రైవర్‌కు అంతుపట్టదు. ఫెరారీ 1998లో పైపులను కారు పైభాగానికి ఎత్తిందంటే, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా అదే దారి పట్టారంటే, ఇదే కారణం. కాలు కదిలినప్పుడల్లా అడుగున డౌన్‌ఫోర్స్ ఊగిసలాడకూడదు. ఎఫ్1 డ్రైవర్లకే ఇబ్బంది అయింది, థర్డ్ ఇయర్ పిల్లలకు ఎందుకు చెప్పండి ఆ పరీక్ష.

ఇక రూల్ సంగతి. ఏ శక్తితో నడిచే సాధనంతోనూ కారు అడుగు నుంచి గాలిని కదల్చకూడదన్న నిబంధన ఒకటి ఉంటుంది. ఎగ్జాస్ట్ దాని కిందికి వస్తుందా రాదా అని స్క్రూటినీ (పోటీకి ముందు కారు తనిఖీ) టెంట్‌లో నిలబడి వాదించే ఓపిక మీకుంటే ఉండొచ్చు. ఆ వాదన ఓడితే మాత్రం పోటీకని కోయంబత్తూరు దాకా ట్రక్కులో తీసుకుపోయిన కారు ట్రాక్ ఎక్కదు. అంత మోజుంటే ముందే ఈమెయిల్ రాసి అడగండి.

పైపు పొడవును ముట్టుకుంటే ఇంజిన్ మారిపోతుంది. ఇంజిన్ చూసే అమ్మాయి అసలు భయం ఇదే అయ్యుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు ఒక ఒత్తిడి అల పైపులో బయల్దేరుతుంది. పైపు వెడల్పయ్యే చోటు తగలగానే ఆ అల తిరగబడి, తక్కువ ఒత్తిడి అలగా మారి, వాల్వ్ దగ్గరికి తిరిగొస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వాల్వ్‌లూ కాస్త కాస్త తెరిచి ఉన్న ఆ క్షణానికి అది చేరితే, మిగిలిన పాత గ్యాస్‌ను పీల్చి కొత్త గాలికి దారిస్తుంది. ముందో వెనకో చేరితే పని చెడుతుంది. వేడి గ్యాస్‌లో అల వేగం సెకనుకు 550 నుంచి 600 మీటర్ల దాకా ఉంటుంది. పైపును పది సెంటీమీటర్లు పొడిగిస్తే, పోను రాను కలిపి 8,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ మీద 16 డిగ్రీల తేడా. డిఫ్యూజర్ దాకా చేరాలని మీరు ముప్పై సెంటీమీటర్లు సాగదీశారంటే టార్క్ వంపు మొత్తం కిందికి జారిపోతుంది. సాగదీయడం తప్పనిసరైతే సైలెన్సర్‌కు అవతలి తోక గొట్టాన్ని సాగదీయండి, ఇవతలి పైపును కాదు.

మరీ పొట్టిగా కత్తిరించినా ఒక తంటా ఉంది. ఐడిల్‌లో ఒక ఉమ్ముకూ ఇంకో ఉమ్ముకూ మధ్య బయటి గాలి వెనక్కి పీల్చుకుంటుంది. లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) మూతికి దగ్గరగా ఉంటే మిశ్రమం పలచగా ఉందని అబద్ధం చెబుతుంది, ట్యూనింగ్ చేసేవాడు దాన్ని నమ్మి పెట్రోల్ పెంచుతూ పోతాడు. సెన్సర్‌ను సైలెన్సర్‌కు బాగా ముందు, పడుకోబెట్టకుండా, అడ్డు గీత కంటే కనీసం పది డిగ్రీలు పైకి ఉండేలా పెట్టండి. లేకపోతే పైపులో చేరే తడి దాన్ని తినేస్తుంది.

ఇప్పుడు దారి ఎలా తీయాలో చూద్దాం. బైక్ ఇంజిన్ కాబట్టి ఎగ్జాస్ట్ పోర్ట్ ముందుకు చూస్తుంది. బైక్ మీద అది ముందు చక్రం వైపు. మీ కారులో అదే పోర్ట్ ఫైర్‌వాల్ (డ్రైవర్‌కూ ఇంజిన్‌కూ మధ్య అడ్డుగోడ) వైపు, అంటే డ్రైవర్ వీపు వైపు. పైపు అక్కడ మొదలై వెనక్కి తిరగాలి. ఎడమ పక్క చైన్, స్ప్రాకెట్ ఉంటాయి కనుక కుడి పక్క నుంచి తిప్పండి. రేడియేటర్ ఒక్కటే అయితే దాన్ని ఎడమ సైడ్‌పాడ్‌లోకి పంపండి. రెండు వేడి వస్తువులనూ ఒకే పక్కన కుక్కితే మన ఏప్రిల్ ఎండకు కూలింగ్ గోవిందా. పెట్రోల్ ట్యాంక్ ఎటుందో, ఆ పక్క నుంచి ఇంధన గొట్టం ఎట్లా వస్తుందో ఇప్పుడే చూసుకోండి, తర్వాత జరపడం ఉండదు.

అలా తిప్పితే పోర్ట్ నుంచి వెనక ఇరుసు దాకా సహజంగానే మీటరుకు అటూఇటూగా పొడవొస్తుంది. మీ ఇంజిన్‌కు అది దాదాపు కావాల్సిన కొలతే. సైలెన్సర్‌ను పై విష్‌బోన్ (చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే సస్పెన్షన్ చేయి) ఎత్తులో, ఫ్రేమ్‌కు ఆనించి పెట్టండి. దాని ముందు కొస సైడ్‌పాడ్ తోక వెనక దాగితే ఇంకా మంచిది, ఎలాగూ అక్కడ గాలి మందగించి ఉంటుంది, డబ్బా కొత్తగా పెట్టే అడ్డం తక్కువ. డబ్బాను డిఫ్యూజర్ నోటి దగ్గరా, వెనుక వింగ్ అడుగు భాగానికి ఎదురుగానూ పెట్టొద్దు. వింగ్ పనిచేసేది ఎక్కువగా దాని అడుగు వైపు. అక్కడికి చేరే గాలి ముందే సైలెన్సర్‌ను గుద్దుకుని చెదిరి ఉంటే వింగ్ సగం చచ్చినట్టే. కరీంనగర్ వైపు టీం ఒకటి ఖరీదైన కార్బన్ వింగ్ చేయించుకుని, దాని ముందు సైలెన్సర్‌ను నడి మధ్యలో అడ్డంగా బిగించింది, ఎఫ్1లో మధ్యలోనే ఉంటుందిగా అని. గాలి ఎటు పారుతుందో చూడ్డానికి నల్ల ఊలు దారాలు అంటించి నడిపితే మధ్య భాగంలో దారాలన్నీ ముందుకు తిరిగి గిరగిరా కొట్టుకున్నాయి. డబ్బాను కుడికి జరిపాక అవే దారాలు వెనక్కి సాఫుగా పడుకున్నాయి. ఒక బ్రాకెట్ కోసి మళ్లీ అతికించిన పని.

పక్కకు, అంటే వెనుక టైరు ముందు నుంచి వదిలే పద్ధతి కూడా ఉంది. టూరింగ్ కార్లలో, నాస్కార్‌లో తలుపు కింద నుంచి మూతి బయటికొస్తుంది. పైపు పొట్టి, బరువు కింద, వెనక అడుగు భాగం ఖాళీ. ఓపెన్ వీల్ కారుకు నాకు అంత నచ్చదు. ఆ వేడంతా ఒక్క వెనుక టైరు మీద పడుతుంది, కుడి ఎడమ టైర్ల ఒత్తిడి ఒకదానికొకటి సరిపోదు. ఆ పక్క నిలబడి డ్రైవర్‌ను దింపేవాళ్ల కాళ్లూ కాలతాయి. మెయిన్ హూప్‌కు (డ్రైవర్ వెనకుండే రక్షణ కమాను) ముందు బయటికి పొడుచుకొచ్చిన ఏ ఎగ్జాస్ట్ భాగానికైనా కవచం ఉండాలని రూల్‌లోనే ఉంది.

కొలతలు కూడా చెప్పేస్తా. నేను చూసిన రూల్ బుక్కుల్లో మూతి వెనుక ఇరుసు మధ్యగీతకు 45 సెంటీమీటర్లు దాటి వెనక్కి పోకూడదు, నేలకు 60 సెంటీమీటర్లు మించి ఎత్తులో ఉండకూడదు. పొగ డ్రైవర్ వైపు రాకూడదు. ఈ చివరిది కాగితం మీద సులువు. నిలబడ్డ కారు వెనక, మెల్లగా పోయే కారు వెనక గాలి సుడి తిరిగి ముందుకొస్తుంది, పొగను హెల్మెట్ దాకా మోసుకొస్తుంది. మూతిని కొంచెం బయటికి తిప్పమన్నది అందుకే. మీరు ఆడే పోటీ ఆ ఏటి రూల్ బుక్కు తెరిచి ఈ అంకెలను ఒకసారి సరిచూసుకోండి.

శబ్దం పరీక్షలో మైకును మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఐడిల్‌లో 103, పై ఆర్‌పీఎంలో 110 డెసిబెల్స్ హద్దు. మూతిని బాడీ లోపల దాచేస్తే లోహపు పలకల మధ్య శబ్దం మోగి అంకె పెరిగే అవకాశముంది. సైలెన్సర్‌లో కూరిన గ్లాస్ ఊల్ కూడా కాలుతూ పోతుంది. మొదటి రోజు బొటాబొటీగా పాసైన కారు ఎండ్యూరెన్స్ తర్వాత మళ్లీ కొలిస్తే ఫెయిలవుతుంది. ఇంట్లో నాలుగైదు డెసిబెల్స్ తక్కువ చూసుకుని వెళ్లండి. నయీంనగర్ రోడ్డు మీద తిరిగే బుల్లెట్ సైలెన్సర్ల కొలమానాలు ఇక్కడ పనికిరావు.

వేడి. నాకు వచ్చే రిపేర్లలో ఎక్కువ భాగం దీనివే. ఫుల్ లోడ్‌లో పోర్ట్ దగ్గర గ్యాస్ 700 డిగ్రీలు దాటుతుంది. మీరు చేసే ఫ్లోర్, డిఫ్యూజర్ ఏంటి? గది ఉష్ణోగ్రతలో ఆరబెట్టిన ఎపాక్సీ. అది 60 నుంచి 80 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. ఓవెన్‌లో పోస్ట్ క్యూర్ చేస్తే, అంటే ఆరాక మళ్లీ కాల్చి గట్టిపరిస్తే కొంత పెరుగుతుంది, కానీ పైపు పక్కన బతికేంత కాదు. డిఫ్యూజర్‌కు నాలుగు వేళ్ల ఎత్తులో సైలెన్సర్ బిగించిన ఒక టీం కారు ఎండ్యూరెన్స్ అయ్యాక నా దగ్గరికొచ్చింది. కుడి పక్క ఫైబర్ ఉబ్బి, మధ్యలో జారి, నేలను రాసుకుంటూ అరిగిపోయింది. మంట లేదు, పొగ లేదు. ల్యాప్ తర్వాత ల్యాప్ మెత్తబడింది, అంతే. డిఫ్యూజర్ కోణం రెండు డిగ్రీలు మారిందంటే అసలు డిజైన్ ఎక్కడ మిగిలింది? పెద్ద టీంలకూ తప్పలేదు. 2011లో రెనో కారు పైపులను సైడ్‌పాడ్ ముందు నుంచి వదిలేది, అడుగుకు మొదటి నుంచీ ఊదుదామని. ఆ ఏడు హంగరీలో పిట్‌స్టాప్ ఎక్కువసేపు పట్టింది, బయటికొస్తూనే హైడ్‌ఫెల్డ్ కారు సైడ్‌పాడ్ అంటుకుంది.

పైపుకూ ఫైబర్‌కూ మధ్య కనీసం 75 మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వండి. మధ్యలో పలుచని అల్యూమినియం రేకు, దానికి ఇరుపక్కలా గాలి ఆడేలా. రేకును ఫైబర్‌కే అతికిస్తే కవచం కాదు, పెనం అవుతుంది. బ్రేక్ పైపు, వీల్ స్పీడ్ సెన్సర్ వైరు కుడి పక్కన వెళుతుంటే ఎడమకు మార్చండి.

వేడిని కొలిచేటప్పుడు ఒక మాట. ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి మెరిసే స్టెయిన్‌లెస్ పైపు మీద గురిపెడితే చాలా తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం తన వేడిని సరిగా ప్రసరించదు, గన్‌కు చుట్టుపక్కల వస్తువుల ప్రతిబింబం కనబడుతుంది. పిల్లలు 180 అని రాసుకొచ్చిన పైపు మీద రూపాయి బిళ్లంత మేర హై టెంపరేచర్ నల్ల పెయింట్ వేసి, అదే గన్‌తో కొలిస్తే 400 దాటింది. ఫైబర్ వైపుకు రంగు మారే టెంపరేచర్ స్టిక్కర్లు అంటించండి. అతి చవక, ఒకసారి తాకిన గరిష్ఠాన్ని గుర్తుపెట్టుకుంటాయి.

వెల్డింగ్ గురించి క్లుప్తంగా. 304 స్టెయిన్‌లెస్, 1.2 మిల్లీమీటర్ల మందం చాలు. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపమని పట్టుబట్టండి, లేకపోతే లోపలి అతుకు నల్లగా పంచదార పలుకుల్లా పూసి అక్కడే చిట్లుతుంది. ఆటోనగర్‌లో ఇసుక నింపి గ్యాస్ మంట మీద పైపు వంచే ఉస్తాద్‌లు ఉన్నారు. మైల్డ్ స్టీల్ అయితే వాళ్ల చేతిపని చూడముచ్చటగా ఉంటుంది. స్టెయిన్‌లెస్‌కు మాత్రం రెడీగా దొరికే బెండ్లు కొని ముక్కలుగా అతికించుకోండి. ఇంజిన్ ఊగుతుంది, ఫ్రేమ్ ఊగదు. సైలెన్సర్‌ను ఫ్రేమ్‌కు గట్టిగా బిగించారంటే హెడర్ ఫ్లాంజ్ (పైపు ఇంజిన్‌కు బిగుసుకునే చోటు) దగ్గర పగులు ఖాయం. మధ్యలో స్ప్రింగులతో పట్టే స్లిప్ జాయింట్ ఒకటి, బ్రాకెట్ దగ్గర రబ్బరు బుష్ ఒకటి పెట్టండి.

ఏరో తమ్ముడి చేతులు ఖాళీగా ఉంచొద్దు. ఆయనకు అసలు పని ఇదీ: సైలెన్సర్ డబ్బాను, పైపును మోడల్‌లో పెట్టి ఒక రన్, తీసేసి ఒక రన్. గ్యాస్ లేకుండానే. రెండిటి మధ్య వెనుక వింగ్, డిఫ్యూజర్ డౌన్‌ఫోర్స్ ఎంత తగ్గిందో చూడమనండి. తర్వాత డబ్బాను అటూఇటూ జరిపి అదే లెక్క. నా అంచనాలో గ్యాస్‌తో ఆయన ఆశించిన దానికంటే ఇక్కడ దొరికేది ఎక్కువ. ఆ తర్వాత కారు మీద ఊలు దారాలు, పక్కన నడిచే బండి నుంచి ఫోన్ కెమెరా. పొద్దుగాల గాలి లేనప్పుడు తీయండి. మధ్యాహ్నం ఎదురుగాలిలో తీసిన వీడియోతో ఏమీ తేలదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, ఎలక్ట్రిక్ కార్లు. వాటికి ఈ బాధే లేదు, సైలెన్సర్ కోసం వెనక చోటు వదలక్కర్లేదు. పోటీల్లో ఈవీ టీంల వెనక భాగం శుభ్రంగా కనబడేది అందుకే. పెట్రోల్ కారులో ఆ శుభ్రతకు ఎంత దగ్గరగా పోగలరన్నదే మీ ఏరో తమ్ముడికి లెక్క.

వ్రాప్ సంగతి. మొత్తం పైపుకు చుట్టకండి. వ్రాప్ కింద లోహం ఇంకా వేడెక్కుతుంది, వానకో కడిగినప్పుడో చేరిన తడి లోపలే నిలుస్తుంది, మైల్డ్ స్టీల్ అయితే ఏడాదిలో పొరలు పొరలుగా ఊడుతుంది. పైగా పగులు వచ్చినా కంటికి కనబడదు. ఫైర్‌వాల్ వెంట పోయే మొదటి అర మీటరుకే చుట్టండి, అక్కడ డ్రైవర్ వీపు, ట్యాంక్ రెండూ ఉన్నాయి కాబట్టి. పట్టీని నీళ్లలో తడిపి, పావు వంతు ఒకదాని మీద ఒకటి వచ్చేలా లాగి చుట్టి, కొసలను స్టెయిన్‌లెస్ టైలతో బిగించండి. చేతులకు గ్లవ్స్, లేకపోతే గ్లాస్ నూగుతో రెండు రోజులు దురద. మొదటిసారి వేడెక్కినప్పుడు తెల్లగా పొగ వస్తుంది, భయపడొద్దు, కానీ వర్క్‌షాపు లోపల కాకుండా కారును బయటికి తోసుకొచ్చి స్టార్ట్ చేయండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒకరు పక్కన నిలబడాలి.